స్వైపింగ్ మెషీన్: 1.5 శాతం అన్న బ్యాంకా, 1.9 శాతం అన్న కంపెనీనా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. విశాఖ ఎంవీపీ కాలనీలో చీరలు, డ్రెస్ మెటీరియల్ దుకాణం. నెలకు 7 లక్షల దాకా అమ్మకం. అందులో కార్డుల మీద వచ్చేది 2 లక్షలు, మిగతాది యూపీఐ, నగదు. పాత మెషీన్ ఒప్పందం ఈ నెలతో అయిపోతోంది. ఒక బ్యాంకు "క్రెడిట్ కార్డుకు 1.5 శాతం నుంచి, మెషీన్ రెంటు సున్నా" అంటోంది. ఒక పేమెంట్ కంపెనీ కుర్రాడు "అన్ని క్రెడిట్ కార్డులకీ 1.9 శాతం, నెలకు 350 రెంటు" అంటున్నాడు. మీ వారేమో బ్యాంకే నయం అంటున్నారు.

మీరు పెట్టిన అంకెల ప్రకారమైతే రెండోదే తీసుకోండి. ఒక్క షరతు. ఆ కుర్రాడు నోటితో చెప్పిన 1.9 శాతం, ఒప్పందం వెనకాల ఉండే ఛార్జీల పట్టికలో అలాగే అచ్చయి ఉండాలి. లేకపోతే నా జవాబు మారుతుంది.

నేను చాలా ఏళ్లు ఒక బ్యాంకులో దుకాణాలకు ఈ మెషీన్లు పెట్టించే విభాగంలోనే చేశాను. ఇప్పుడు ద్వారకానగర్‌లో కూర్చుని దుకాణాల లెక్కలు చూస్తున్నాను. కాబట్టి బేరం రెండు వైపుల నుంచీ తెలుసు.

ముందు ఆ "నుంచి" సంగతి చూద్దాం. మీ దుకాణం ముందు కూడా "చీరలు 499 నుంచి" అని బోర్డు ఉండే ఉంటుంది. లోపలికొచ్చిన వాళ్లలో ఎంతమంది ఆ 499 చీర కొంటారు? బ్యాంకువాళ్ల 1.5 శాతం కూడా అదే బాపతు. మీరు ఫోటో పెట్టిన కొటేషన్ రెండో పేజీలో, కింద చిన్న అక్షరాల్లో ఉంది చూడండి: మామూలు క్రెడిట్ కార్డుకు 1.5, ప్రీమియం కార్డుకు 2.1, కార్పొరేట్ కార్డుకు 2.75. ఇవాళ రేపు పాయింట్లు, లాంజ్ ప్రవేశం అంటూ బ్యాంకులు అంటగట్టేవన్నీ ప్రీమియం కార్డులే. మీ దుకాణానికొచ్చే నేవీ కుటుంబాలు, మధురవాడ సాఫ్ట్‌వేర్ పిల్లలు తీసే కార్డుల్లో మామూలువి సగానికి అటూ ఇటూ ఉంటాయి, అంతే.

ఇందులో మోసమేం లేదు. మీ దగ్గర కోసుకునే శాతంలో పెద్ద వాటా, కొనుగోలుదారుకి ఆ కార్డు ఇచ్చిన బ్యాంకుకి పోతుంది. కొంత వీసా, మాస్టర్‌కార్డ్, రూపే లాంటి నెట్‌వర్క్‌కి పోతుంది. మెషీన్ పెట్టినవాడికి మిగిలేది చివరి ముక్క. ప్రీమియం కార్డుకైతే కార్డు ఇచ్చిన బ్యాంకు వాటా ఇంకా ఎక్కువ. కాబట్టి ఎవరైనా మరీ తక్కువ రేటు చెప్తున్నారంటే ఆ తగ్గిందాన్ని ఇంకోచోట రాబట్టుకుంటారు. ఎక్కడ రాబట్టుకుంటారో వెతకడమే మన పని.

ఇప్పుడు మీ పాత మెషీన్ స్టేట్‌మెంటు తీసుకుని లెక్క కడదాం. పోయిన నెల క్రెడిట్ కార్డుల మీద 1,40,000. అందులో మామూలు 60,000, ప్రీమియం 65,000, కార్పొరేట్ 15,000. బ్యాంకు రేట్ల ప్రకారం 900, 1,365, 412 రూపాయల 50 పైసలు. వెరసి 2,677 రూపాయల 50 పైసలు. అంటే మీకు నిజంగా పడే రేటు 1.91 శాతం. కంపెనీ 1.9 చొప్పున 2,660. రెండూ ఒకటే! వాళ్లు బోర్డు మీద రాసిన 1.5కీ వీళ్ల 1.9కీ మీ కొనుగోలుదారుల దగ్గర తేడా 17 రూపాయలు.

డెబిట్ కార్డులు 60,000. అందులో రూపే డెబిట్ 25,000. దానికి ఎవరూ పైసా కోయడానికి వీల్లేదు. 2020 జనవరి 1 నుంచి రూపే డెబిట్ కార్డుకీ యూపీఐకీ ఎండీఆర్ (అంటే దుకాణం దగ్గర కోసుకునే ఈ శాతం) సున్నా. మిగతా 35,000కి రిజర్వు బ్యాంకు పరిమితి ఉంది. 2018 జనవరి నుంచి అమల్లో ఉన్న లెక్క ఇది: అంతకు ముందు ఆర్థిక సంవత్సరం టర్నోవర్ 20 లక్షల లోపు ఉన్న చిన్న వ్యాపారికి మెషీన్ మీద 0.40 శాతం మించకూడదు, ఒక బిల్లుకి 200 దాటకూడదు. 20 లక్షలు దాటిన వాళ్లకి 0.90 శాతం, బిల్లుకి 1,000 దాటకూడదు. మీది 80 లక్షల పైమాట కాబట్టి 0.90. ఇద్దరూ అదే అడిగారు. 315 రూపాయలు. క్రెడిట్ కార్డుకి మాత్రం ఇలాంటి పరిమితి లేదు, బేరమంతా అక్కడే.

ఇంక రెంటు. బ్యాంకువాళ్లు సున్నా అన్నారు. కానీ అదే కొటేషన్‌లో "నెలకు కార్డు అమ్మకం 2.5 లక్షల కన్నా తగ్గితే 750" అని ఉంది. మీకు వచ్చేది 2 లక్షలు. కాబట్టి 750 పడుతుంది. అవతల కంపెనీది 350.

మొత్తం వేసుకుంటే బ్యాంకుకి నెలకు 3,742, కంపెనీకి 3,325. తేడా 417 రూపాయల చిల్లర. శ్రావణమాసం, దసరా, సంక్రాంతి నెలల్లో మీ కార్డు అమ్మకం 2.5 లక్షలు దాటుతుందనుకుందాం. అప్పుడు బ్యాంకు రెంటు పోతుంది, ఆ నెలల్లో బ్యాంకుదే 300 పైచిలుకు చవక. ఏడాది మొత్తం మీద చూస్తే కంపెనీతో మీకు మిగిలేది రెండున్నర మూడు వేలు.

ఈ మాత్రం దానికి ఇంత లెక్కా అంటారేమో. లెక్క కట్టింది అందుకే. రేట్ల మధ్య తేడా ఇంత చిన్నదని తేలాక, నిర్ణయం ఒప్పందంలోని మిగతా షరతుల మీద పడుతుంది. అక్కడ మాత్రం ఈ రెండింటికీ చాలా దూరం ఉంది.

బ్యాంకు కాగితంలో 24 నెలల లాక్-ఇన్ ఉంది. ముందే వదిలేస్తే మిగిలిన నెలల రెంటు కట్టాలట, నెలకు 750 చొప్పున. రెంటు సున్నా అన్న మెషీన్‌కి రెంటు లెక్కన జరిమానా! ఎనిమిదో నెలలో వద్దనుకుంటే 16 నెలలకి 12,000. దీనికి తోడు కరెంట్ అకౌంట్‌లో సగటున 50,000 ఉంచాలి. పండక్కి ముందు సూరత్ నుంచి సరుకు దించుకునే మీలాంటి వ్యాపారానికి ఆ 50,000 ఊరికే పడి ఉండటం కూడా ఖర్చే. కంపెనీ కాగితంలో 30 రోజుల నోటీసు, మెషీన్ వాపసు, అంతే.

ఈ లాక్-ఇన్ విషయంలో నేను చూసినదొకటి చెప్తాను. గాజువాకలో ఒకాయన టిఫిన్ హోటల్ నడిపేవారు. అద్దె గొడవల వల్ల మూసేశారు. మెషీన్ ఇచ్చిన కంపెనీకి ఫోన్ చేస్తే ఒక కుర్రాడు వచ్చి పట్టుకెళ్లాడు. రసీదు లేదు, కాగితం లేదు. తర్వాత కూడా ప్రతి నెలా ఐదో తారీఖున ఆయన ఖాతాలోంచి రెంటు పోతూనే ఉంది. మెషీన్ పెట్టిన రోజున సంతకాల కట్టలో ఆటో డెబిట్ మాండేట్ (ఖాతాలోంచి నెలనెలా డబ్బు తీసుకోవడానికి ఇచ్చే అనుమతి పత్రం) ఒకటి ఉంది, దాని మీద ముగింపు తేదీ గడి ఖాళీగా వదిలేశారు. ఖాతాలో డబ్బు లేని నెలల్లో రెంటు రాకపోగా బ్యాంకు బౌన్స్ ఛార్జీ వేసింది. మా ఆఫీసుకి వచ్చేటప్పటికి రెంటుకన్నా బౌన్స్ ఛార్జీలే ఎక్కువయ్యాయి. మాండేట్ రద్దు చేయించి, మెయిళ్లు రాసి రాసి కొంత వెనక్కి తెప్పించాం, మొత్తం రాలేదు.

కాబట్టి మెషీన్ తిరిగి ఇచ్చేటప్పుడు కుర్రాడి చేత కాగితం మీద రాయించుకోండి: తేదీ, మెషీన్ సీరియల్ నంబరు, టీఐడీ. టీఐడీ అంటే ప్రతి ఛార్జ్ స్లిప్ మీదా పైన ఎంఐడీతో (దుకాణానికి ఇచ్చే నంబరు) పాటు అచ్చయ్యే ఎనిమిది అక్షరాల నంబరు. "ఈ టీఐడీ మూసేశాం, ఇకపై ఛార్జీలు ఉండవు" అని కంపెనీ నుంచి మెయిల్ వచ్చేదాకా వదలకండి. ఇప్పుడు మీ పాత మెషీన్‌కి కూడా ఇదే చేయండి. కొత్తది వచ్చిన సంబరంలో పాతది కౌంటర్ కింద అరలో పడేసి మర్చిపోతారు, రెంటు మాత్రం పోతూ ఉంటుంది. ఆటో డెబిట్ ఫారంలో గరిష్ఠ మొత్తం గడి కూడా చూసుకోండి. 350 రెంటుకి 25,000 దాకా కోసుకునే అనుమతి ఎందుకివ్వాలి? తగ్గించి రాయమనండి, రాస్తారు.

రేటు మార్చే హక్కు ఎవరిది? దాదాపు ప్రతి ఒప్పందంలోనూ "ఛార్జీలను ఎప్పటికప్పుడు సవరించే అధికారం కంపెనీకి ఉంటుంది" అని ఒక వాక్యం ఉంటుంది. దాన్ని తీసేయమంటే తీసేయరు, అంత బలం మన దుకాణాలకి లేదు. కానీ "పెంచితే 30 రోజుల ముందు మెయిల్ ఇవ్వాలి, ఒప్పుకోకపోతే జరిమానా లేకుండా వదిలేయొచ్చు" అని ఒక లైను చేర్చమని అడగొచ్చు. ఒప్పందంలో చేర్చకపోయినా మెయిల్‌లో అంగీకరించిన సందర్భాలు చూశాను. మెయిలైనా చేతిలో ఉంటే రేపు మాట్లాడటానికి పనికొస్తుంది. లాక్-ఇన్ ఉండి, రేటు పెంచే హక్కూ వాళ్లదే అయితే ఆ కాగితం జోలికి పోకండి. మీ బ్యాంకు కొటేషన్‌లో సరిగ్గా ఆ రెండూ ఉన్నాయి.

డబ్బు ఆపేసే హక్కు. ఇది మీకన్నా అడ్వాన్సులు తీసుకునే వ్యాపారాలకి పెద్ద సమస్య. ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర అరకు టూర్లు నడిపే ఒకాయనకి డిసెంబరులో ఒక్కసారిగా బుకింగులు వెల్లువెత్తాయి. మామూలు నెలకి ఐదారు రెట్లు. కంపెనీ సిస్టమ్ దాన్ని అనుమానాస్పదంగా పట్టుకుని సెటిల్‌మెంట్, అంటే కార్డు డబ్బు ఆయన ఖాతాలో వేయడం, ఆపింది. హోటళ్లకి, జీపులకి ఆయన తన చేతి డబ్బు పెట్టుకోవాల్సొచ్చింది. ఒప్పందంలో "రిస్క్ ఉందని భావిస్తే నిలిపివేయవచ్చు" అని ఉంది, ఎన్ని రోజులో లేదు. మీ విషయంలో పట్టుచీరల సీజన్‌లో ఒక్కో బిల్లు లక్ష దాటొచ్చు. అందుకని దరఖాస్తులో "నెలవారీ అంచనా అమ్మకం", "గరిష్ఠ బిల్లు" అనే గడుల్లో మామూలు నెల అంకెలు వేయకండి, పండగ నెల అంకెలు వేయండి. సీజన్ ముందు రిలేషన్‌షిప్ మేనేజర్‌కి ఒక మెయిల్ పెట్టండి. ఆపితే ఎన్ని రోజుల్లో తేలుస్తారో రాతపూర్వకంగా అడగండి.

వ్యాపారం ఏ కోవలో నమోదు చేస్తున్నారో కూడా చూడండి. ఎంసీసీ అని నాలుగంకెల కోడ్ ఉంటుంది. కిరాణాకి 5411, నగల దుకాణానికి 5944, ఇలా. దాన్నిబట్టి రేటూ మారుతుంది, రిస్క్ లెక్కా మారుతుంది. టార్గెట్ తొందరలో సేల్స్ వాళ్లు ఏదో ఒక కోడ్ వేసేస్తుంటారు. తర్వాత అది తప్పని తేలితే సంజాయిషీ ఇచ్చుకోవాల్సింది మీరు.

యూపీఐ గురించి రెండు మాటలు. ఖాతా నుంచి ఖాతాకి వచ్చేదానికి ఛార్జీ లేదు, ఎవరైనా ఛార్జీ అడిగితే ఇవ్వకుండా వెనక్కి పంపేయండి. సౌండ్ బాక్స్‌కి నెల రెంటు వేరు, అది మామూలే. కానీ రూపే క్రెడిట్ కార్డుని యూపీఐకి జతచేసి మీ క్యూఆర్ మీద స్కాన్ చేసేవాళ్లు పెరుగుతున్నారు. చిన్న వ్యాపారుల దగ్గర 2,000 దాకా దానికి ఛార్జీ లేదు. మీ టర్నోవర్‌కి, అందులోనూ చీరల బిల్లులకి, క్రెడిట్ కార్డు లాగే కోత పడొచ్చు. పట్టికలో దానికి విడిగా ఎంత రాశారో చూడండి. లైను లేకపోతే రాయించండి. వ్యాలెట్ నుంచి యూపీఐ ద్వారా 2,000 పైన వచ్చే చెల్లింపులకీ అంతే. కంపెనీ ఇచ్చే ఆల్-ఇన్-వన్ క్యూఆర్ (అన్ని రకాల చెల్లింపులూ ఒకే కోడ్ మీద తీసుకునేది) తీసుకుంటే ఈ చిక్కులు వస్తాయి కాబట్టి, ఏవి ఆన్ చేయాలి, ఏవి వద్దు అని మొదటి రోజే చెప్పండి.

విదేశీ కార్డులు మీకు ఎప్పుడో తప్ప రావు. రుషికొండ వైపు రిసార్టులకైతే ఆ రేటే ముఖ్యం, 3 శాతం పైన కూడా చూశాను.

"కార్డైతే 2 శాతం అదనం ఇవ్వండి" అని కొనుగోలుదారుల దగ్గర తీసుకుంటే సరిపోతుంది కదా అని మీరు అడిగారు. వద్దు. డెబిట్ కార్డు మీద ఎండీఆర్‌ని కొనుగోలుదారుపై వేయకూడదని రిజర్వు బ్యాంకు ఆదేశమే ఉంది. క్రెడిట్ కార్డు మీదైతే మీరు సంతకం పెట్టే ఒప్పందంలోనే వేయనని రాసి ఉంటుంది, చదవండి. ఒక్క ఫిర్యాదు వెళ్లినా మెషీన్ ఆపించుకునే పరిస్థితి. కురుపాం మార్కెట్ వైపు అందరూ తీసుకుంటున్నారు కదా అంటారు. వాళ్ల సంగతి వాళ్లది.

జీఎస్టీ. ఎండీఆర్ మీద, రెంటు మీద 18 శాతం పడుతుంది. మీరు రెగ్యులర్ స్కీంలో ఉంటే ఇన్‌పుట్ క్రెడిట్ (ఇక్కడ కట్టిన పన్ను మీరు కట్టాల్సిన జీఎస్టీలో తగ్గించుకోవడం) వస్తుంది కాబట్టి పై లెక్కలో నేను వేయలేదు. ఇన్వాయిస్ మీద మీ జీఎస్టీ నంబరు పడుతోందో లేదో మాత్రం చూసుకోండి. కాంపొజిషన్ (చిన్న వ్యాపారుల పన్ను పథకం)లో ఉంటే ఆ 18 శాతం నేరుగా మీ జేబులోంచే, అప్పుడు బ్యాంకు లెక్కలోనూ కంపెనీ లెక్కలోనూ దాన్ని కలిపి చూడండి. 2,000 లోపు కార్డు బిల్లులకి ఈ సేవ మీద జీఎస్టీ మినహాయింపు ఉంది. రిజర్వు బ్యాంకు నియంత్రణలో ఉన్న పేమెంట్ అగ్రిగేటర్లకీ (దుకాణాల తరఫున చెల్లింపులు తీసుకునే కంపెనీలు) అది వర్తిస్తుందని 2024 డిసెంబరు జీఎస్టీ కౌన్సిల్ సమావేశంలో స్పష్టం చేశారు. చిన్న బిల్లులు ఎక్కువుండే బేకరీలు, మందుల షాపులు దీన్ని గట్టిగా చూసుకోవాలి.

మీ వారి మాటలో ఒక న్యాయం ఉంది. బ్యాంకంటే శాఖకి వెళ్లి మేనేజర్ ఎదురుగా కూర్చోవచ్చు. కంపెనీ అయితే హెల్ప్‌లైన్‌లో "ఒకటి నొక్కండి, రెండు నొక్కండి". కాబట్టి కంపెనీకి రెండు పరీక్షలు పెట్టండి. ఒకటి, అది రిజర్వు బ్యాంకు అనుమతి పొందిన పేమెంట్ అగ్రిగేటర్ల జాబితాలో ఉందా? జాబితా రిజర్వు బ్యాంకు వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. లేదంటే ఏ బ్యాంకు తరఫున మెషీన్ పెడుతోందో ఒప్పందంలో ఆ బ్యాంకు పేరు ఉండాలి. రెండు, సర్వీస్ ఇంజనీరు విశాఖలో ఉంటాడా, విజయవాడ నుంచి రావాలా? ఇది చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది కానీ దసరా ముందు శనివారం సాయంత్రం మెషీన్ చచ్చిపోతే తెలుస్తుంది దీని విలువ. పాడైతే ఎన్ని గంటల్లో మారుస్తారో రాయించండి. మీది సెల్లార్ దుకాణం అన్నారు కాబట్టి మెషీన్ తీసుకునే ముందే అక్కడ సిమ్ సిగ్నల్ పరీక్షించండి, వైఫైకి కూడా కలిసే మోడల్ అడగండి. హుద్‌హుద్ వచ్చిన 2014 అక్టోబరులో కరెంటూ టవర్లూ పోయి ఊరంతా నగదు కోసం తిరిగిన రోజులు ఇక్కడివాళ్లకి గుర్తే. అంత కాకపోయినా, తుపాను హెచ్చరిక ఉన్న రోజుల్లో వేరే నెట్‌వర్క్ మీద నడిచే క్యూఆర్ ఒకటి పక్కన ఉంచుకోవడం మంచిది.

సెటిల్‌మెంట్ ఇద్దరూ మర్నాడే అన్నారు. సరే. కానీ రాత్రి ఎన్ని గంటల వరకు చేసినవి మర్నాటి లెక్కలోకి వస్తాయి, ఆదివారం సంగతేంటి, మెషీన్ తనంతట తానే బ్యాచ్ (ఆ రోజు లావాదేవీల లెక్క) మూస్తుందా లేక మీ అమ్మాయి కౌంటర్ కట్టేసేటప్పుడు సెటిల్‌మెంట్ బటన్ నొక్కాలా అన్నది అడగండి. "అదే రోజు జమ" అనే సదుపాయానికి విడిగా రుసుము ఉంటుంది, అడక్కుండానే ఆన్ చేసి ఇస్తుంటారు.

చార్జ్‌బ్యాక్ అంటే కొనుగోలుదారు తన బ్యాంకుకి ఫిర్యాదు చేసి డబ్బు వెనక్కి అడగడం. చాలా రకాల వివాదాలకి 120 రోజుల దాకా గడువు ఉంటుంది. బిల్లు, స్లిప్ కనీసం ఆరు నెలలు దాచండి. థర్మల్ స్లిప్పులు వెలిసిపోతాయి, ఫోటో తీసి పెట్టుకోండి. ఓడినా గెలిచినా కేసుకి ఇంత అని రుసుము ఉందేమో పట్టికలో చూడండి.

ఇక గొడవొస్తే? ఒప్పందం చివరి పేజీలో "వివాదాలు ముంబయి లేదా బెంగళూరు కోర్టుల పరిధిలో" అని ఉంటుంది. 12,000 కోసం ఎవరూ బెంగళూరు వెళ్లరు, వాళ్లకీ తెలుసు. మీ కంపెనీ దాని పరిధిలోకి వస్తే, మీకు పనికొచ్చే దారి రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్, అంటే ఇలాంటి ఫిర్యాదులు వినే అధికారి. ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా, రిజర్వు బ్యాంకు ఫిర్యాదుల వెబ్‌సైట్ సీఎంఎస్ పోర్టల్‌లో పెట్టొచ్చు. ఖర్చు లేదు, లాయరు అక్కర్లేదు. కోత ఒప్పందంలో లేనిదైనా, మూసేశాక రెంటు పోతున్నా ఇది పనిచేస్తుంది. "నాకు పక్క దుకాణం కన్నా ఎక్కువ రేటు వేశారు" అంటే మాత్రం పట్టించుకోరు. అది వాళ్ల వ్యాపార నిర్ణయం కిందకి వస్తుంది.

ఇప్పుడు చేయాల్సింది: కంపెనీ కుర్రాడికి ఫోన్ చేయకండి, మెయిల్ పెట్టండి. 1.9 శాతం ప్రీమియం, కార్పొరేట్ కార్డులకి కూడా వర్తిస్తుందా, రూపే క్రెడిట్ క్యూఆర్ మీద ఎంత, 350 రెంటు ఎన్నాళ్లు ఇదే ఉంటుంది, ముందే వదిలేస్తే ఏం కట్టాలి, మెషీన్ కిందపడి పగిలితే ఎంత. ఈ ఐదూ చాలు. కార్పొరేట్ కార్డుకి విడిగా 2.75 అన్నా మీకు నెలకు ఇంకో 127 పెరుగుతుంది, అప్పటికీ మామూలు నెలల్లో కంపెనీదే తక్కువ. ప్రీమియం కార్డుకి కూడా విడి రేటు అన్నాడంటే పై లెక్కంతా మళ్లీ కట్టాలి. ఆ జవాబు, ఛార్జీల పట్టిక పేజీ ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను. ఖాతా నంబరు, సంతకం చెరిపేసి పెట్టండి. కిందటిసారి కొటేషన్ ఫోటోలో మీ పాన్ నంబరు కనిపిస్తోంది, ముందు అది తీసేయండి.